మర్దన వృత్తిలో హద్దులు: కామాఠీపుర, ముంబయి తెలుగు చాళ్లు

నూనెతోగానీ వట్టి చేత్తోగానీ ఒళ్ళు రుద్ది, పిసికి, నొక్కి, తట్టి కండరాల అలుపునూ బిగుతునూ తగ్గించే పని మర్దన. ముంబయిలో దీన్ని మాలీష్ అంటారు. తెలంగాణ పల్లెల నుంచి ఆ నగరానికి వెళ్ళిన కుటుంబాలు ఒళ్ళు పట్టడం, నూనె రాయడం, నలుగు పెట్టడం అనే మాటలను వెంట తీసుకెళ్ళాయి. ఈ పనిలో ఒకరు పడుకుని ఉంటారు, మరొకరు పక్కన నిలబడి ఉంటారు. ఒకరి ఒంటిమీద బట్ట తక్కువ, రెండోవారు నిండుగా కట్టుకుని ఉంటారు. ఒకరు డబ్బిచ్చేవారు, మరొకరు ఆ డబ్బుతో ఇల్లు గడుపుకునేవారు. అందువల్ల బలహీనత ఒక్క పక్షానిదే కాదు. ఒంటి విషయంలో చేయించుకునేవారు, బతుకుతెరువు విషయంలో చేసేవారు బలహీనులు. ఈ ఇద్దరినీ కాపాడవలసినవే వృత్తి హద్దులు: ఎక్కడ చేయి వేయవచ్చు, ఎక్కడ కూడదు, ఎంత బట్ట తీయాలి, ఎంత కప్పాలి, ఎవరు ఎప్పుడు ఆపమనవచ్చు, చూసినదాన్ని ఎవరికి చెప్పకూడదు. ఈ హద్దులను పని మొదలుపెట్టకముందే నోటితో చెప్పుకోవాలి. చెప్పుకోని చోట వాటి స్థానంలోకి అనుమానం వస్తుంది, అనుమానం వెనకే పోలీసు వస్తాడు. ఆడామగా విభజన, గడియ లేని తలుపు, గోడమీది కెమెరా ఏవీ ఆ లోటును పూడ్చలేవు. ఈ సంగతి తెలుసుకోవడానికి కామాఠీపుర చరిత్ర కంటే మంచి ఆధారం తెలుగువారికి మరొకటి లేదు.

కామాఠీపుర పేరు తెలుగు కూలీల వల్ల వచ్చింది. 1780లలో గవర్నర్ విలియం హార్న్‌బీ హయాంలో కట్టిన కట్ట వర్లి దగ్గర సముద్రపు పోటును ఆపాక, బొంబాయి దీవుల మధ్యనున్న బురదనేలలు నివాసానికి అనువయ్యాయి. నిజాం రాజ్యం నుంచి రాళ్ళు మోయడానికి, గోడలు కట్టడానికి వచ్చిన తెలుగువారు 18వ శతాబ్దం ముగిసే నాటికి అక్కడ స్థిరపడ్డారు. నగరం వారిని కామాఠీలని పిలిచింది. బెలాసిస్ రోడ్డుకూ గ్రాంట్ రోడ్డుకూ మధ్య వరుస నంబర్లు వేసిన గల్లీలుగా వారి పేట పెరిగింది. 19వ శతాబ్దపు బొంబాయిని కట్టిన చేతుల్లో ఎన్నో వీరివే. జాయా కరాడీ లింగు, వెంకు బాలాజీ కాళేవార్, నాగు సయాజీ, రామయ్య వెంకయ్య అయ్యవారు వంటి ఇక్కడి తెలుగు కంట్రాక్టర్లు, పెద్దలు 1873లో జోతిబా ఫూలే స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచారు. తర్వాత కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల పద్మశాలీలు బట్టల మిల్లుల్లో పనికి వచ్చి వర్లి, ప్రభాదేవి చుట్టుపక్కల చాళ్లలో, అంటే ఒంటిగది ఇళ్ళ వరుస భవనాల్లో, చేరారు. అయినా దేశానికి ఈ పేట పేరు చెబితే గుర్తొచ్చేది ఈ చరిత్ర కాదు. పేరు పెట్టిన కూలీలను మరచిపోయి, అదే పేటలోని కొన్ని గల్లీల్లో సాగిన వేశ్యావృత్తినే లోకం గుర్తుపెట్టుకుంది. ఆ పేటను చిరునామాగా చెప్పుకోవడానికే ఎన్నో కుటుంబాలు సంకోచించే స్థితి వచ్చింది.

ఈ మార్పు దానంతట అది జరగలేదు. వలస ప్రభుత్వం సైనికుల ఆరోగ్యం పేరిట 1868లో అంటురోగాల చట్టం తెచ్చింది. వేశ్యావృత్తిలో ఉన్న స్త్రీలు పేరు నమోదు చేసుకోవాలి, గడువు ప్రకారం వైద్యపరీక్షకు లోబడాలి, రోగం ఉందంటే ఆసుపత్రిలో బందీగా ఉండాలి. బొంబాయిలోనూ అమలైన ఆ చట్టం 1888లో రద్దయింది. మర్దన గురించిన వ్యాసంలో దీని ప్రస్తావన ఎందుకంటే, ఆరోగ్యం పేరు చెప్పి మనిషి ఒంటిమీద అంగీకారం లేకుండా చేయి వేయవచ్చుననే భావనను ఆ గల్లీల్లో చట్టమే నేర్పింది. ముట్టుకునేవారి ఉద్దేశం వైద్యమైతే చాలు, ముట్టించుకునేవారి మాట అక్కర్లేదన్నది ఆ చట్టపు సారం. నేటికీ ఎన్నో మర్దన గదుల్లో, ఆ మాటకొస్తే ఎన్నో ఆసుపత్రి గదుల్లో, ఇదే ఆలోచన నడుస్తోంది. మంచి కోసమే చేస్తున్నాం కదా, అడగడం దేనికి అంటారు. సుప్రీంకోర్టు 2008 జనవరిలో ఒక వైద్య కేసులో దీనికి స్పష్టమైన జవాబిచ్చింది. రోగనిర్ధారణ కోసం చేసే ఒక ప్రక్రియకు ఒప్పుకున్నంత మాత్రాన ఆ సందర్భంలోనే గర్భసంచి తొలగించడానికి ఒప్పుకున్నట్టు కాదని, ప్రాణాపాయం లేనప్పుడు ఒక్కో పనికీ విడిగా అంగీకారం కావాలని తీర్పు చెప్పింది. కత్తి పట్టిన డాక్టరుకే ఈ నియమం ఉన్నప్పుడు, వీపు రుద్దమంటే తొడ దాకా వెళ్ళే చేతికి ఎందుకు ఉండకూడదు?

వేశ్యావృత్తికి మర్దన ముసుగవడం ముంబయికి మాత్రమే పరిమితమైన సంగతి కాదు. 1894లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ లండన్‌లోని కొన్ని మర్దన కేంద్రాలు నిజానికి వేశ్యాగృహాలేనని రాసింది. ఆ దుమారంలో నిజంగా మర్దన చేసి బతికే నర్సుల పరువు కూడా పోయింది. రోజలిండ్ పేజెట్, లూసీ రాబిన్సన్, ఎలిజబెత్ మాన్లీ, మార్గరెట్ పామర్ అనే నలుగురు ఆ ఏడాదే శిక్షణ పొందిన మర్దనకారిణుల సంఘం స్థాపించారు. పరీక్ష పాసయితేనే సభ్యత్వం, డాక్టరు చెబితేనే చికిత్స, మామూలు పత్రికల్లో ప్రకటనలు వేయకూడదు, డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప మగవారికి మర్దన చేయకూడదు అని నియమాలు రాసుకున్నారు. 1920లో రాజ శాసనం పొందిన ఆ సంఘమే నేటి చార్టర్డ్ సొసైటీ ఆఫ్ ఫిజియోథెరపీ. ప్రపంచమంతా గౌరవించే ఫిజియోథెరపీ వృత్తికి ఒక మూలం ఈ అపవాదుకు ఇచ్చిన జవాబులో ఉంది. గమనించవలసింది ఏమంటే, ఆ నియమాల్లో లింగానికి సంబంధించినది కాలక్రమంలో పోయింది. ఇవాళ ఫిజియోథెరపిస్టులు స్త్రీపురుష భేదం లేకుండా అందరికీ చికిత్స చేస్తున్నారు. శిక్షణ, నమోదు, రాసిపెట్టుకున్న ప్రవర్తనా నియమావళి మాత్రం మిగిలాయి. లోకానికి నమ్మకం కలిగించింది మిగిలినవే.

ముంబయిలో అలాంటి జవాబు రాలేదు. మాలీష్ చేసేవారు చౌపాటీ ఇసుకలోనో రైల్వే స్టేషన్ల బయటో నూనె సీసాల బుట్ట పట్టుకుని తిరిగే వాళ్ళుగానో, ఇళ్ళకు వచ్చే మాలీష్ బాయిలుగానో, తర్వాత పార్లర్లలోనూ స్పాలలోనూ ఉద్యోగులుగానో విడివిడిగా ఉండిపోయారు. వారందరినీ కలిపే సంఘం, నియమావళి ఏర్పడలేదు. ఇక్కడ ప్రయోగించే చట్టం వేరే పనికి పుట్టింది. 1956లో వచ్చి, 1986 సవరణతో పేరు మార్చుకున్న అనైతిక వ్యాపార నిరోధక చట్టం వేశ్యాగృహాలను, మనుషుల వ్యాపారాన్ని శిక్షిస్తుంది. మంచి మర్దన అంటే ఏమిటో అది చెప్పదు, చెప్పనవసరమూ లేదు. స్పాల మీద దాడి జరిగినప్పుడల్లా నేరస్థుడు, నేరానికి గురైన అమ్మాయి, ఏ నేరంతోనూ సంబంధం లేని ఉద్యోగిని ఒకే ఫొటోలో ముఖాలు దాచుకుని నిలబడతారు. ఫలానా పని మర్దన, ఫలానాది కాదు అని చూపించే కాగితం గాని, గోడమీద బోర్డు గాని లేనప్పుడు ఆ మూడో మనిషి తన నిర్దోషిత్వాన్ని దేనితో రుజువు చేసుకుంటుంది?

మన ఇళ్ళలో మర్దన ఎప్పటినుంచో ఉంది, ఎవరూ ఎవరి అనుమతీ అడిగింది లేదు, ఏ గొడవా రాలేదు కదా అనే ఆక్షేపణ బలమైనదే. అందుకే దాన్ని వివరంగా చూడాలి. బాలింతకు ఒళ్ళంతా నూనె పట్టించి, సున్నిపిండితో రుద్ది, వేడినీళ్ళు పోసి, నడుముకు గట్టిగా గుడ్డ చుట్టడం తెలుగిళ్ళ ఆచారం. పసిబిడ్డను చాపిన కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నూనె రాసి స్నానం చేయించే పెద్దావిడ లేని వాడ ఉండేది కాదు. ముంబయి చాళ్లలో ఈ పని మాలీష్ బాయి చేతికి వచ్చింది. కాన్పయిన ఇంటికి నలభై రోజుల పాటు వచ్చి తల్లికీ బిడ్డకూ ఒళ్ళు పడుతుంది. ఈ ఆచారంలో హద్దులు లేవనుకోవడం పొరపాటు, అవి బలంగానే ఉన్నాయి. అత్తో అమ్మో ఆ గదిలోనే ఉంటుంది. వచ్చినావిడను పెద్దమ్మా అనో, మరాఠీలో మౌషీ అనో పిలుస్తారు, ఆ పిలుపుతో స్పర్శకు ఒక చుట్టరికం అంటుతుంది. ఆమె ఏ ఇంట్లోనైనా తప్పు చేస్తే సాయంత్రానికి చాళ్ గ్యాలరీ అంతా తెలుస్తుంది. పని ఏమిటో, ఎంతసేపో, ఎవరెవరి ముందో ఆచారమే ముందుగా చెప్పేసింది గనుక విడిగా అడగవలసిన అవసరం రాలేదు. నియమం లేకపోవడం వల్ల కాదు, అందరికీ ముందే తెలిసిన నియమం ఉండటం వల్ల ఆ మర్దన భద్రంగా సాగింది.

అయితే ఆ ఆచారం ఎవరిని కాపాడిందో కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. చేయించుకునేవారికి కొంత రక్షణ ఉండేది, చేసేవారికి దాదాపు లేదు. మర్దన, క్షౌరం, పురుడు పోయడం కులవృత్తులు. మంగలి, మంత్రసాని పనికి ఏడాదికి ఇంత ధాన్యమని లెక్క. పిలిచినప్పుడు రానని చెప్పే హక్కు ఆ లెక్కలో లేదు. నిజాం రాజ్యంలోని దొరల గడీల్లో వెట్టి చాకిరీ కింద మంగలి వచ్చి దొరకు ఒళ్ళు పట్టవలసిందే, కాళ్ళు పిసకవలసిందే. తన ఇంట్లో జ్వరమున్నా, తన చేయి నొప్పెడుతున్నా ఆగడానికి లేదు. బొంబాయికి వలసపోయిన తెలుగు కుటుంబాల్లో ఎన్నో ఈ జిల్లాల నుంచే, ఈ వెట్టి కాలంలోనే వెళ్ళాయి. మరొకరి ఒళ్ళు ముట్టుకునే పనిని తక్కువ పనిగా, చేసే మనిషిని మాట లేని మనిషిగా చూసే అలవాటు ఊళ్ళో పుట్టి రైలెక్కింది. కాబట్టి పాత ఆచారాన్ని అలాగే తెచ్చి పెట్టుకుందామంటే కుదరదు. అందులోని ముందస్తు స్పష్టతను ఉంచుకోవాలి, మూగగా లొంగిపోవడాన్ని వదిలేయాలి. బంధుత్వపు పిలుపులోనూ ఒక చిక్కుంది. పెద్దమ్మ అని పిలిచాక, పెద్దమ్మా అక్కడ వద్దు, నొప్పిగా ఉంది అని ఇరవై ఏళ్ళ బాలింత చెప్పలేదు. గౌరవం నోరు నొక్కేస్తుంది. అందుకే చేసే మనిషే ముందుగా అడగాలి. అడిగితే వద్దనడం తేలికవుతుంది, అడగకపోతే వద్దనడమే అమర్యాద అయిపోతుంది.

ఇంటి నుంచి పార్లర్‌కు మారినప్పుడు ఈ ఆచార రక్షణలన్నీ ఒక్కసారిగా పోయాయి. అక్కడ అత్త ఉండదు, చుట్టరికపు పిలుపు ఉండదు, ఎవరు ఎవరో వాడకు తెలియదు. వాటి చోట కొత్తవి ఏవీ ఏర్పాటు కాలేదు. పైగా జీతం తక్కువగా ఉండి, సంపాదనలో పెద్ద భాగం టిప్పు మీద ఆధారపడిన చోట హద్దు ఖరీదు పనిచేసేవారి మీద పడుతుంది. హద్దు దాటమని అడిగిన మనిషికి కాదని చెబితే ఆ పూట టిప్పు పోతుంది, యజమాని ముఖం మాడుతుంది. బయట ఊరి నుంచి, తరచు బయట రాష్ట్రం నుంచి వచ్చి, యజమాని ఇచ్చిన గదిలోనే ఉంటున్న అమ్మాయి అయితే తల దాచుకునే చోటు కూడా ప్రమాదంలో పడుతుంది. ఇలాంటి స్థితిలో ఉన్న మనిషికి నీతి బోధించి లాభం లేదు. కాదన్నందుకు నష్టం రాకుండా జీతం, యజమాని మాట, గోడమీద రాసిన నియమం ఉండాలి. మర్దన మధ్యలో ఆగిపోతే పూర్తి కూలి పనిచేసినవారికి ఇవ్వాలన్న ఒక్క నియమం చాలా మార్పు తేగలదు. హద్దుల చర్చంతా స్వభావాల మీదికి పోతోంది గానీ, అందులో సగం కూలి ప్రశ్న.

మరి సరైన పద్ధతి ఎలా ఉంటుంది? పని మొదలయ్యే ముందు ఐదు నిమిషాల మాట చాలు. ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, జ్వరం ఉందా, రక్తాన్ని పలచబరిచే మందులు వాడుతున్నారా, గర్భమా, ఈమధ్య ఆపరేషన్ అయిందా, చర్మం మీద పుండు గానీ దద్దురు గానీ ఉందా అని అడగాలి. ఒక కాలి పిక్క వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే లోపల రక్తం గడ్డ కట్టి ఉండవచ్చు. దాన్ని రుద్దితే గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరి ప్రాణం మీదికి రావచ్చు. అలాంటివారిని మర్దన చేయకుండా డాక్టరు దగ్గరకు పంపడం కూడా హద్దు పాటించడమే. చక్కెర జబ్బుతో పాదాల్లో స్పర్శ తగ్గినవారికి ఒత్తిడి ఎంత పడుతోందో తెలియదు, వారి మాటను మాత్రమే నమ్ముకోకూడదు. ఆ తర్వాత ఏయే భాగాలకు మర్దన, ఎంతసేపు, ఏ నూనె, ఎంత బట్ట తీయాలి అన్నవి చెప్పి అంగీకారం తీసుకోవాలి. బట్ట మార్చుకునేటప్పుడు చేసేవారు గది బయట ఉండాలి. ఒంటిమీద దుప్పటి ఉండాలి, మర్దన చేస్తున్న భాగం మాత్రమే తెరిచి, అయిపోగానే కప్పాలి. రొమ్ము, పిరుదులు, తొడ లోపలి వైపు వంటి చోట్లకు చికిత్స అవసరం ఉంటే తప్ప చేయి పోకూడదు, ఉంటే విడిగా ముందే ఒప్పుకోలు తీసుకోవాలి. కెనడాలోని ఒంటారియోలో నమోదైన థెరపిస్టులు ఇలాంటి భాగాలకు రాతపూర్వక అంగీకారం తీసుకోవాలి. అక్కడి చట్టం క్లయింటుతో లైంగిక సంబంధాన్ని, క్లయింటు ఇష్టపడ్డారన్నా సరే, దుర్వినియోగంగానే చూస్తుంది. మధ్యలో ఒత్తిడి సరిపోతోందా అని అడగాలి. మౌనాన్ని అంగీకారంగా తీసుకోకూడదు. ఒళ్ళు బిగుసుకోవడం, ఊపిరి బిగబట్టడం, చేయి అడ్డం పెట్టడం కూడా వద్దనడమే. ఇంకొక సున్నితమైన సంగతి ఉంది. స్పర్శ వల్ల శరీరం తనంతట తాను స్పందించడం తప్పు కాదు, దాన్ని పట్టించుకోకుండా దుప్పటి సర్ది పని సాగించవచ్చు. ఆ స్పందనను సాకుగా చేసుకుని మాట జారడం, చేయి పట్టుకోవడం తప్పు. ఆ క్షణంలో పని ఆపి గది బయటికి వెళ్ళే హక్కు చేసేవారికి ఉండాలి.

ఇదంతా పెద్ద స్పాలకు సరిపోతుంది గానీ ఒకే గది ఇంట్లో ఎలా సాధ్యం అంటారు. బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటు 1920లలో వర్లి, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డు, సేవ్రీలలో కట్టిన 207 చాళ్లలో ఒక్కో గది సుమారు 160 చదరపు అడుగులు. అందులోనే వంట, పడక, పిల్లల చదువు. మరుగుదొడ్లు అంతస్తుకు ఉమ్మడి. కామాఠీపుర పాత ఇళ్ళలో ఇంతకంటే ఇరుకు కూడా ఉంది. బాలింతకు మాలీష్ జరుగుతుంటే మామగారు గ్యాలరీలో నిలబడాలి. ఇరుకు నిజమే, దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. కానీ ఇరుకు హద్దులను అసాధ్యం చేయదు, ఇంకా అవసరం చేస్తుంది. పాత చీరను తాడు మీద వేస్తే తెర అవుతుంది. పెద్ద తువ్వాలు కప్పుకు సరిపోతుంది. ఎవరు లోపల ఉండాలో నిర్ణయించవలసింది అత్త కాదు, మర్దన చేయించుకునే కోడలు. ఆ ప్రశ్న ఆమెను అడగడానికి చదరపు అడుగులతో పని లేదు. వర్లిలోని ఆ డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంటు చాళ్ల (బీడీడీ చాళ్ల) స్థానంలో కట్టిన భవనాల్లో తొలి విడతగా 2025 ఆగస్టులో 500 చదరపు అడుగుల ఇళ్ళు అప్పగించారు. గది పెరిగి తలుపు పడ్డాక పాత చాళ్ లోని పదిమంది చూపు పోతుంది. ఆ చూపు ఇచ్చిన రక్షణా పోతుంది. అడిగి, చెప్పి చేసే పద్ధతిని అప్పటికే అలవాటు చేసుకున్నవారికి కొత్త ఇంటి తలుపు ఏకాంతాన్ని ఇస్తుంది, చేసుకోనివారికి ప్రమాదాన్ని.

ఆడవారికి ఆడవారు, మగవారికి మగవారు చేస్తే సమస్యే లేదన్నది ఎక్కువగా వినబడే పరిష్కారం. ఢిల్లీ ప్రభుత్వం 2021 ఆగస్టులో స్పాలకు ఈ నియమం పెట్టింది, గదులకు లోపల గడియలు ఉండకూడదంది. ఆ ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు, స్త్రీపురుషుల మధ్య మర్దనపై నిషేధానికీ అక్రమ వ్యాపారాన్ని ఆపడానికీ సహేతుకమైన సంబంధం కనబడటం లేదని దాని అమలును ఆపింది. కోరుకున్నవారికి తమ లింగానికి చెందిన మనిషే చేయాలని అడిగే హక్కు తప్పక ఉండాలి. ఆయుర్వేద కేంద్రాలు ఈ పద్ధతిని ఎప్పటినుంచో పాటిస్తున్నాయి, సంప్రదాయ కుటుంబాల స్త్రీలు దానివల్లే ధైర్యంగా వెళ్తున్నారు. కానీ ఎంపిక వేరు, నిషేధం వేరు. మగవారు మగవారిని, స్త్రీలు స్త్రీలను వేధించరని ఈ నియమం ఊహిస్తుంది, అది నిజం కాదు. కామాఠీపురలో నివసించే హిజ్రాలు ఏ వైపు పడుకోవాలో ఈ నియమం చెప్పదు. దీనివల్ల ఉద్యోగం పోయే స్త్రీలకు బదులు పని ఏదో కూడా చెప్పదు. ఒకే లింగం వారి మధ్య కూడా అడగడం, కప్పడం, ఆపడం అంతే అవసరం.

కెమెరా పెట్టమనే వాదన ఇంకా ప్రమాదకరం. మద్రాసు హైకోర్టులో కొద్ది రోజుల తేడాతో రెండు భిన్నమైన మాటలు వినిపించాయి. 2021 డిసెంబరులో ఒక న్యాయమూర్తి స్పాలలో కెమెరాలు పెట్టించాలని ఆదేశించారు. 2022 జనవరి 4న మదురై బెంచిలో జస్టిస్ జి.ఆర్. స్వామినాథన్, లోపల కెమెరా పెట్టడం మనిషికి తన ఒంటిమీద ఉన్న హక్కుకు భంగమని, అనుమానం ఒక్కటే ఆ హక్కును తీసేయడానికి చాలదని అన్నారు. 2017 ఆగస్టులో తొమ్మిదిమంది సుప్రీంకోర్టు న్యాయమూర్తులు వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించిన తీర్పే ఆయనకు ఆధారం. ఈ రెండింటిలో రెండోదే సరైనది. సగం బట్టలతో పడుకున్న మనిషిని రికార్డు చేసే యంత్రం రక్షణ కాలేదు, ఆ రికార్డు ఎవరి ఫోన్లోకి వెళ్తుందో అన్న భయమే ఒక హింస. రిసెప్షన్‌లో, వసారాలో కెమెరా ఉండవచ్చు. గదిలో ఉండవలసింది పిలుపు గంట. ఇద్దరిలో ఎవరికి అవసరమైనా నొక్కితే బయట మనిషి పలకాలి.

చాళ్లలో మరో హద్దు ఉంది, స్పాలలో దాని గురించి పెద్దగా ఆలోచించరు. మాలీష్ చేసే ఆవిడ ఆ చాళ్ మనిషే, కనీసం ఆ గల్లీ మనిషే. ఆమె కోడలి వీపు మీది దెబ్బలు చూస్తుంది, ఇంకా ఎవరికీ చెప్పని కడుపును గుర్తుపడుతుంది, బిడ్డ బరువు తగ్గడం కనిపెడుతుంది. ఆ మాట ఉమ్మడి కుళాయి దగ్గరికి చేరితే బాధితురాలికి ఇంట్లో మరో దెబ్బ పడుతుంది. చూసినదాన్ని దాచడం ఈ పనిలో నూనె రాయడంతో సమానమైన నైపుణ్యం. దీనికి మినహాయింపులు చట్టమే పెట్టింది. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే, పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడం నేరం. గృహహింస విషయంలో 2005 నాటి చట్టం 4వ సెక్షన్ సద్బుద్ధితో రక్షణాధికారికి సమాచారమిచ్చినవారి మీద కేసు లేకుండా కాపాడుతుంది. అయినా వయసొచ్చిన స్త్రీ విషయంలో ముందుగా ఆమెనే అడగాలి. ఆమె ఒళ్ళు ఆమెది, ఆమె కష్టం గురించి ఎవరికి చెప్పాలో ఎంచుకోవడమూ ఆమె హక్కే.

కామాఠీపురలో వేశ్యావృత్తిలో ఉన్న స్త్రీలను మర్దన గురించిన చర్చల్లో ఎప్పుడూ అనుమానితులుగానే చూస్తారు. వారికీ నడుము నొప్పి ఉంటుందని, వారూ చికిత్స కోసం వస్తారని ఎవరికీ తోచదు. ఎంతోమంది మగవాళ్ళు అడగకుండా ముట్టుకున్న ఒంటికి, అడిగి ముట్టుకునే చేయి తగలడం చిన్న విషయం కాదు. హింసకు గురైనవారికి మర్దన చేసేటప్పుడు వెనక నుంచి హఠాత్తుగా చేయి వేయకూడదు, ప్రతి కదలికా ముందే చెప్పాలి, కూర్చునే చేయించుకుంటానంటే అలాగే చేయాలి, తలుపు వైపు ముఖం ఉండేలా పడక వేయాలి. సుప్రీంకోర్టు 2022 మే 19న వేశ్యావృత్తిలో ఉన్నవారికీ రాజ్యాంగం 21వ అధికరణం ప్రకారం గౌరవంగా బతికే హక్కు ఉందని గుర్తుచేసింది. ఆ గౌరవం పోలీస్ స్టేషన్లో ఎంత అవసరమో చికిత్స గదిలోనూ అంతే అవసరం. వారి విషయంలో పాటించవలసిన ఈ జాగ్రత్తలన్నీ ఎవరి విషయంలో పాటించినా మేలే. ఎవరి గతం ఏమిటో ముఖం చూసి చెప్పలేం.

ఇన్ని నియమాలు పెడితే గిరాకీ పోతుందని యజమానులు భయపడతారు. కొంత గిరాకీ పోతుంది, పోవాలి కూడా. హద్దు దాటడానికే వచ్చేవారు రాకుండా పోతే, అదే కారణంతో ఇన్నాళ్ళూ రాని వృద్ధులు, స్త్రీలు, మిల్లుల్లో నడుము అరిగిపోయిన పాత కార్మికులు వస్తారు. తెలుగు సంఘాలు ఈ విషయంలో చేయగలిగింది ఎంతో ఉంది. దాదర్‌లోని బొంబాయి ఆంధ్ర మహాసభ, చాళ్లలోని కుల సంఘాలు, మహిళా మండళ్ళు మాలీష్ బాయిలను పిలిచి, ఆరోగ్య జాగ్రత్తలూ హద్దులూ కలిపి తెలుగు, మరాఠీ, హిందీ మూడింటిలోనూ శిక్షణ ఇవ్వాలి. నేర్చుకున్నవారికి ఒక కార్డు ఇవ్వాలి. లండన్ నర్సులు 1894లో చేసుకున్న పనికి ఇది మొదటి మెట్టు.

హద్దు మీరితే దారి ఉంది. 2013 నాటి పని ప్రదేశాల లైంగిక వేధింపుల చట్టం ఉద్యోగినులకే పరిమితం కాదు. ఆ ప్రదేశంలో వేధింపునకు గురైన ఏ స్త్రీ అయినా, అంటే మర్దనకు వచ్చిన స్త్రీ కూడా, ఫిర్యాదు చేయవచ్చు. పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట యజమాని అంతర్గత కమిటీ పెట్టి తీరాలి. అంతకంటే తక్కువమంది ఉన్న చోటికి, లేదా వేధించినవాడు యజమానే అయినప్పుడు, జిల్లా అధికారి ఏర్పాటు చేసే స్థానిక కమిటీ ఉంది. ఘటన జరిగిన మూడు నెలల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే మరో మూడు నెలల గడువు ఇస్తారు. పురుషులు బాధితులైతే ఈ చట్టం వర్తించదు, అది దీనిలోని పెద్ద లోటు. అత్యవసరానికి 112, మహిళలకు 181, పిల్లలకు 1098 నంబర్లు పనిచేస్తాయి.